చెరువు సంఘంలో ఆడమనిషికి సభ్యత్వం: నైపుణ్య పరీక్ష గురించి తెలిసినవాళ్లు చెప్పండి

విభాగం: చెరువులు, చేపలు, సంఘాలు

గంగిరేగు | 14 నవంబర్ 2022, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. మా నాన్న మా ఊరి మత్స్య సహకార సంఘంలో ముప్పై ఏళ్ల నుంచి సభ్యుడు. మోకాళ్లు అరిగిపోయి రెండేళ్లుగా నీళ్లలోకి దిగడం లేదు. నాకు అన్నదమ్ములు లేరు. మా ఆయన ఇల్లరికం వచ్చాడు, లారీ నడుపుతాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. ఆయనకు ఈత కూడా రాదు.

ఇప్పుడు సంఘంలో కొత్త సభ్యులను తీసుకుంటున్నారు. మత్స్యశాఖ వాళ్లు వచ్చి నైపుణ్య పరీక్ష పెడతారట. నేను దరఖాస్తు ఇస్తే సంఘంలో ఒకాయన నవ్వి, "మహిళా సంఘం ఉన్నది కదమ్మా, అండ్ల చేరరాదు" అన్నాడు. మా ఊరి మహిళా సంఘానికి చెరువు మీద హక్కు లేదు. చేపలు కొని అమ్ముకోవడమే. నాకు కావాల్సింది చెరువులో పాలు, అంటే వాటా.

చిన్నప్పటి నుంచి నాన్న వెంట తిరిగినదాన్ని. వల అల్లడం వచ్చు, ఈత వచ్చు. విసురు వలతోనే వచ్చింది తంటా. నాన్న వల ఆరు కిలోలు ఉంటుంది. నేను విసిరితే గుండ్రంగా పడడం లేదు, దోసకాయ బద్దలా పొడుగ్గా పడుతోంది. పరీక్షకు ఇంకా రెండు నెలలు ఉంది. ఏం చేయాలి?

నర్సంపేట_నవీన్ | 14 నవంబర్ 2022, రాత్రి 10:05

అక్కా, నాది విసిరితే చిరిగిన చాటలా పడుతుంది. కానీ నాకు సభ్యత్వం ఉంది. తాత పోయాక నా పేరు మీదికి వచ్చింది. మా నాన్న ఇప్పటికీ నా వల చూసి మొహం తిప్పుకుంటాడు. కాబట్టి నువ్వు టెన్షన్ పడకు.

ఫిషరీస్_చదువు | 14 నవంబర్ 2022, రాత్రి 11:20

మేడమ్, ముందు చట్టం మాట. మన రాష్ట్రంలో ఈ సంఘాలు చాలావరకు 1964 సహకార సంఘాల చట్టం కింద నడిచేవే. సభ్యుడు అంటే మగవాడే అని అందులో లేదు. చెరువు విస్తీర్ణాన్ని బట్టి ఎంతమందిని తీసుకోవచ్చో లెక్క ఉంటుంది. అది దాటిందని చెప్పి ఆపొచ్చు, ఆడమనిషివని చెప్పి ఆపలేరు. దరఖాస్తు నోటిమాటగా ఇవ్వకండి. రెండు కాపీలు రాసి, ఒక దాని మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.

పరీక్షలో మామూలుగా వల విసరడం, వల అల్లడం, ఈత చూస్తారు. కొన్నిచోట్ల తెప్ప నడపమంటారు, చేపల పేర్లు అడుగుతారు.

వల_అల్లిక | 15 నవంబర్ 2022, ఉదయం 6:15

బిడ్డా, నాది జగిత్యాల దిక్కు. అరవై దాటినయి. మా కాలంలో వలలు ఇంట్లనే అల్లేవాళ్లం, అల్లింది ఆడోళ్లే. పొద్దంతా గడప మీద కూర్చొని అల్లితే మగవాళ్లు తీసుకపోయి విసిరేవాళ్లు. ఇప్పుడు అంతా తంగూసు (నైలాన్) వల, దుకాణంలో తెచ్చుడే. ఇరవై ఏళ్ల పోరగాళ్లకు వల కన్ను ఎట్ల కడతారో తెల్వదు. అల్లిక పరీక్షలో నువ్వే ముందుంటవు, రాసి పెట్టుకో.

విసరడం గురించి. ఆరు కిలోల వలతో మొదలు పెడితే ఆరునెలలైనా రాదు. మూడు నాలుగు కిలోలది ఎవరిదన్నా అడుక్కో. తాడు ఎడమ మణికట్టుకు కట్టు. సగం వల ఎడమ మోచేయి మీద వేసుకో, మిగిలింది కుడి చేత్తో పట్టు. నువ్వు చేయి బలంతో కొడుతున్నవు, అందుకే పొడుగ్గా పోతున్నది. నడుం తిప్పు. తిరగలి తిప్పినట్టు ఒళ్లు మొత్తం తిరగాలె, చేయి వెనక రావాలె. ముందుగాల నీళ్లలో వద్దు. గడ్డి ఉన్న జాగలో సైకిల్ టైరు పెట్టి, దాని మీద పడేటట్టు వెయ్యి. కోసిన వరి మడిలో మాత్రం వద్దు, కొయ్యకాళ్లకు వల చినుగుతది.

ఇంకోటి. చీరతో కాదు. ప్యాంటు వేసుకో, చున్నీ ఇంట్ల పెట్టు. ఎవడన్న నవ్వితే నవ్వనీ.

గంగిరేగు | 15 నవంబర్ 2022, మధ్యాహ్నం 1:30

అత్తమ్మా, తిరగలి మాట పట్టుకొని పొద్దున పదిసార్లు వేశాను. మూడుసార్లు దాదాపు గుండ్రంగా పడింది. నాన్న కుర్చీలో కూర్చొని చూస్తూ, "ఇన్నేండ్లు నేను చెప్పింది గదే" అంటున్నాడు. ఆయన ఎప్పుడూ అలా చెప్పలేదు.

కట్టమీది_కాక | 15 నవంబర్ 2022, రాత్రి 8:50

నేను పదకొండేళ్లు మా సంఘం అధ్యక్షుడిగా చేశాను. కొంచెం చేదుగా ఉంటుంది గానీ చెప్తాను.

ఆడవాళ్లంటే నాకు చులకన లేదు. గంప నెత్తిన పెట్టుకొని పన్నెండు ఊళ్లు తిరిగి చేపలమ్మింది మా అమ్మ. కానీ వల విసరడం వస్తే చెరువు పని వచ్చినట్టు కాదు. చెరువు పనిలో మూడు వంతులు కాపలా. వానాకాలంలో పిల్ల చేపలు పోసిన నాటి నుంచి ఎండాకాలంలో వల కట్టేదాకా ఎవరో ఒకరు రాత్రి కట్ట మీద పడుకోవాలి. దొంగ వలలు వేసేవాళ్లు వస్తారు. కరెంటు తీగ పెట్టేవాళ్లు, మందు కలిపేవాళ్లు వస్తారు. మా చెరువులో ఒకసారి పొద్దున లేచేసరికి ఒడ్డంతా తెల్లగా చేపలు తేలాయి.

ఆడమనిషి రాత్రి రెండు గంటలకు కట్ట మీద ఒంటరిగా ఉంటుందా? ఉన్నా, ఆమెకేమన్నా అయితే సంఘం మీదికే వస్తుంది. పని సగం చేసి పాలు పూర్తిగా కావాలంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? నా అనుమానం ఇదొక్కటే.

చేపల_బండి | 15 నవంబర్ 2022, రాత్రి 10:30

కాకా, నేను హనుమకొండలో చేపలు అమ్ముతాను. సబ్సిడీ మీద ఇచ్చిన బండి, వెనక ఐస్ డబ్బా. పదేళ్ల నుంచి తెల్లవారుజామున మూడు గంటలకు చెరువుల మీదికి ఒంటరిగా పోతున్నాను. చీకటిలో బేరం ఆడుతున్నాను. అప్పుడు ఎవరూ "ఆడమనిషి, రాత్రి" అనలేదు. డబ్బులు తెస్తాం కదా, అందుకని. పాలు అడిగితేనే రాత్రి గుర్తొస్తుంది.

దమ్మాం_రమేష్ | 16 నవంబర్ 2022, తెల్లవారుజామున 2:10

డ్యూటీ మధ్యలో చదువుతున్నాను. మాది నిర్మల్ దగ్గర. కేరళలో కె.సి. రేఖ అని ఒకామె ఉంది, భర్తతో కలిసి సముద్రంలోకి పోయి చేపలు పడుతుంది, లైసెన్సు కూడా ఉంది. 2017లో సన్మానం చేశారు. మన గంగమ్మ తల్లి కూడా ఆడదే కదా. మనకెందుకు ఈ పట్టింపు?

చేపల_బండి | 16 నవంబర్ 2022, ఉదయం 9:00

గంగమ్మ ఆడదే అనే మాట ప్రతి మీటింగులో అంటారు తమ్మీ. పాలు పంచేకాడ ఎవరూ అనరు.

కొత్త_సభ్యుడు_77 | 16 నవంబర్ 2022, ఉదయం 11:45

అసలు ఈ సంఘాల్లో ఏ కులం వాళ్లకు హక్కు అనేది ముందు తేలాలి. మీవాళ్లు వచ్చి మా

(నిర్వాహకుడు ఈ పోస్టును ఇక్కడి నుంచి తొలగించారు)

నిర్వాహకుడు | 16 నవంబర్ 2022, మధ్యాహ్నం 12:10

ముదిరాజ్, గంగపుత్ర కులాల వాదనకు వేరే చోట ఇప్పటికే పెద్ద చర్చ ఉంది, అక్కడికి పోండి. ఇక్కడ అడిగింది వల గురించి, సభ్యత్వం గురించి.

గంగిరేగు | 16 నవంబర్ 2022, రాత్రి 9:15

కాకా, మీ మాట తప్పు అనను. కాపలా సంగతి నేను ఆలోచించలేదు. నాన్న రాత్రి పోయి పొద్దున వచ్చేవాడు, అంతే తెలుసు. అది కూడా పని కిందికే వస్తుందని ఇప్పుడే తట్టింది. ముందు పరీక్ష కానివ్వండి.

గంగిరేగు | 2 ఫిబ్రవరి 2023, సాయంత్రం 6:20

పరీక్ష అయింది. అందరికీ చెప్పాలని కూర్చున్నాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది.

మొత్తం ఇరవై ఆరు మందిమి. నేనొక్కదాన్నే ఆడదాన్ని. ట్రాక్ ప్యాంటు, పైన మా ఆయన పాత ఫుల్ చొక్కా. ఊళ్లో సగం మంది కట్ట మీదే ఉన్నారు. బతుకమ్మ నాడు కూడా అంతమంది రారు.

ముందు ఈత. తూము దగ్గర నుంచి ఎదురుగా పాతిన కట్టె దాకా పోయి రావాలి. చిన్నప్పుడు వ్యవసాయ బావిలో వీపుకు ప్లాస్టిక్ డబ్బా కట్టుకొని నేర్చుకున్న ఈత, మరిచిపోయేది కాదు. ముందూ కాదు, చివరా కాదు, మధ్యలో వచ్చాను.

తర్వాత అల్లిక. అత్తమ్మా, మీరు రాసింది రాసినట్టే అయింది. దారం, సూది, వెదురు బద్ద ఇచ్చి, చినిగిన వలలో కన్నులు వేయమన్నారు. చాలామంది పిల్లగాళ్లు సూదిలోకి దారం చుట్టడం దగ్గరే ఆగిపోయారు. ఒకడు మామూలు ముడి వేసి లాగితే కన్ను జారిపోయింది. నేను వేసిన కన్నులు అధికారి బొటనవేలు పెట్టి లాగి చూశాడు, ఏం అనలేదు, రాసుకున్నాడు.

చివరికి వల. ముగ్గురు విసిరాక నా వంతు. నాలుగున్నర కిలోల వల పట్టుకొని పోయాను, ఒకాయన "ఇది పిల్లల వల" అన్నాడు. నడుం లోతు నీళ్లలో నిలబడి మొదటిది వేశాను. సగమే విచ్చుకుంది. కట్ట మీద నవ్వులు. మూడు అవకాశాలు ఇచ్చారు. రెండోది గుండ్రంగా పడింది. మూడోది ఇంకా బాగా. లాగితే రెండు జిలేబి చేపలు, అరచేయంత బొచ్చె ఒకటి. బొచ్చెను వదిలేశాను.

ఫలితం మూడు వారాల్లో చెప్తారట.

నర్సంపేట_నవీన్ | 2 ఫిబ్రవరి 2023, సాయంత్రం 6:45

జిలేబి రెండూ వండినవా లేదా? అది ముఖ్యం.

వల_అల్లిక | 3 ఫిబ్రవరి 2023, ఉదయం 5:50

చిన్న బొచ్చెను వదిలినవు చూడు, అది పరీక్షలో లేదు. అయినా మంచిగ చేసినవు బిడ్డా.

గంగిరేగు | 19 మార్చి 2023, రాత్రి 9:30

సభ్యత్వం వచ్చింది. ఇరవై ఆరులో పద్దెనిమిది మందికి. కానీ సర్వసభ్య సమావేశంలో కాక చెప్పిన మాటే వచ్చింది, కొంచెం మొరటుగా. "ఈమె కాపలాకు రాదు కాబట్టి సగం పాలు" అని ఒకరు తీర్మానం రాయబోయారు. నేను లేచి, "కాపలా నాకు రాయండి. రాకపోతే అప్పుడు సగం ఇయ్యండి" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వారానికి రెండు రాత్రులు రాశారు. మిగతావాళ్లకు వారానికి ఒకటే. నేను గమనించాను, కానీ ఆ రోజు గొడవ పెట్టుకోలేదు.

జతగా ఒక పెద్దమనిషిని వేశారు. డెబ్బైకి దగ్గర, నాన్న దోస్తు. మొదటి వారం నాన్న కూడా మోకాలికి గుడ్డ చుట్టుకొని వచ్చి కట్ట మీద మంచం వేసుకున్నాడు. రెండో వారం నేనే వద్దన్నాను.

కట్టమీది_కాక | 19 మార్చి 2023, రాత్రి 10:15

రెండు రాత్రులు రాయడం అన్యాయం. నేనుంటే ఒప్పుకునేవాణ్ని కాదు. కానీ ఒప్పుకున్నావు కాబట్టి విను. టార్చ్ ఎప్పుడూ వేసి ఉంచకు. వేసి ఉంటే నువ్వు ఎక్కడున్నావో దొంగకు తెలుస్తుంది. కూర్చొని చెవి పెట్టు. వల నీళ్లలో పడిన చప్పుడు వేరు, చేప ఎగిరిన చప్పుడు వేరు. వారంలో తెలిసిపోతుంది. కట్ట మీద గడ్డిలో చెప్పుల్లేకుండా నడవకు, కట్లపాములు ఉంటాయి. ఎవరైనా కనపడితే ఎదురు పోకు. ఫోన్ చేసి నలుగురిని పిలువు. మగవాళ్లకు కూడా నేను ఇదే చెప్పేవాణ్ని.

చేపల_బండి | 20 మార్చి 2023, ఉదయం 7:40

చెల్లె, ఊళ్లో మాటలు ఎట్లున్నాయి?

గంగిరేగు | 20 మార్చి 2023, రాత్రి 9:00

ఉన్నాయక్కా. రాయను. మా ఆయన ఫోన్‌లో ఒక్కటే అడిగాడు, "చలికోటు ఉన్నదా?" అని. చెరువు గాలి ఆ టైముకు ఎముకల్లోకి పోతుంది, కోటు నిజంగానే లేదు. ఆయనది వేసుకుంటున్నాను.

గంగిరేగు | 11 జూన్ 2023, సాయంత్రం 5:10

మొన్న మృగశిర కార్తె నాటికి మా చెరువు పట్టుడు అయిపోయింది. నాకు ముప్పావు పాలు ఇచ్చారు, ఏడాది మధ్యలో చేరానని. అది న్యాయమే, నేనే ఒప్పుకున్నాను. గుంజుడు వల లాగినప్పుడు మాత్రం నన్ను తాడు చివర పెట్టారు. మధ్యలో నిలబడితే బరువు తెలుస్తుంది, చివర ఉంటే మాటలు తెలుస్తాయి. వచ్చే ఏడాది మధ్యకు పోతాను.

గుత్తకు తీసుకున్నవాడు బొచ్చె, రవ్వ అన్నీ కలిపి కిలో డెబ్బైకి పట్టుకుపోయాడు. మృగశిర నాడు అవే నర్సంపేటలో రెండింతలు.

(ఈ ధరల మీద నలభై రెండు పోస్టులను నిర్వాహకుడు "గుత్తేదారు ధరలు" అనే వేరే చర్చకు మార్చారు)

గంగిరేగు | 29 జూలై 2023, రాత్రి 11:50

నాకు మీ అందరి సలహా కావాలి. రెండు రోజులుగా నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి.

26వ తారీఖు రాత్రి నా కాపలా. ఆ వాన సంగతి మీకు తెలుసు. చీకటి పడేసరికే చెరువు మత్తడి (అలుగు) దుంకుతోంది. చేపలు కొట్టుకుపోకుండా మా సంఘం వాళ్లు మత్తడికి అడ్డంగా జాలి కట్టారు. వెదురు కర్రలు పాతి, వాటికి వల బిగించి. పది గంటల నుంచి గుర్రపు డెక్క, కొమ్మలు, చెత్త అంతా వచ్చి జాలికి పట్టుకోవడం మొదలైంది. పెద్దయ్యా నేనూ దోటితో లాగుతూనే ఉన్నాం. లాగినదానికి రెండింతలు వస్తోంది.

పన్నెండున్నరకు చూస్తే జాలికి ఇవతల నీళ్లు అవతలి కంటే మూరెడు ఎత్తున ఉన్నాయి. కట్ట మీద ఒక చోట పాత బండ్ల బాట ఉంది, అక్కడ కట్ట కొంచెం కుంగి ఉంటుంది. నీళ్లు దానికి బెత్తెడు కిందకు వచ్చాయి. ఫోన్ కలవలేదు. కరెంటు లేదు. కట్ట కింద దళితవాడ, దాని వెనక నాట్లు వేసిన పొలాలు. పెద్దయ్య "ఇంకో గంట చూద్దాం" అన్నాడు. నేను అడగకుండానే కొడవలి తీసుకొని నడుముకు తాడు కట్టుకున్నాను. తాడు రెండో కొస చెట్టుకు చుట్టి పెద్దయ్య పట్టుకున్నాడు. ఒడ్డు నుంచే అందినంత మేర జాలి కట్లు కోశాను. మూడో కర్ర దగ్గరికి వచ్చేసరికి మిగతాదంతా ఒక్కసారి పెళ్లున తెగి పోయింది. అరగంటలో నీళ్లు దిగడం కనపడింది.

కట్ట నిలిచింది. ఇప్పుడు సంఘంలో సగం మంది అంటున్నది, జాలి కోసినందుకు రెండు లక్షల చేప పోయింది, ఆ డబ్బు నా పాలులో పట్టుకోవాలని. "మగోడు ఉంటే చెత్త గుంజేవాడు, ఈమె భయపడి కోసింది" అని.

నేను భయపడ్డ మాట నిజమే.

దమ్మాం_రమేష్ | 30 జూలై 2023, తెల్లవారుజామున 1:15

అక్కా నువ్వు బాగున్నవా? ముందు అది చెప్పు.

గంగిరేగు | 30 జూలై 2023, ఉదయం 6:30

బాగున్న తమ్మీ. అరచేయి కోసుకుంది, నాలుగు కుట్లు.

ములుగు_మాస్టారు | 30 జూలై 2023, ఉదయం 8:20

ఆ రాత్రి మా జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకుముందు 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లే రాష్ట్రంలో పెద్ద లెక్క. అటు భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు మొత్తం నీళ్లలో ఉంది, జనం ఇళ్ల కప్పుల మీదికి ఎక్కారు. ఆ వానలో "చెత్త గుంజితే సరిపోయేది" అనేవాళ్లు ఆ రాత్రి ఇంట్లో పడుకున్నవాళ్లే అయి ఉంటారు.

ఒక మాట. కాకతీయుల చెరువులు ఇన్ని వందల ఏళ్లు నిలిచాయంటే అందరూ కట్టను పొగుడుతారు. మట్టికట్ట ఎంత పెద్దదైనా దాని మీద నుంచి నీళ్లు పొర్లితే గంటల్లోనే పోవచ్చు. నిలబెట్టింది మత్తడి. పాఖాల అయినా రామప్ప అయినా అంతే. మత్తడి మూస్తే చెరువుకు గొంతు నొక్కినట్టే. నీటిపారుదల వాళ్లు జాలీలు కట్టొద్దని ఊరికే అనరు.

ఫిషరీస్_చదువు | 30 జూలై 2023, ఉదయం 10:40

రెండు లక్షల లెక్క చూద్దాం. మేడమ్, మీ చెరువులో ఎండాకాలం ఎన్ని కిలోలు తీశారు? ఈ ఏడాది పిల్ల చేపలు పోశారా?

గంగిరేగు | 30 జూలై 2023, మధ్యాహ్నం 12:15

తూకం చీటీలు నా దగ్గర ఉన్నాయి. 9,340 కిలోలు. ఈ ఏడాది పిల్ల చేపలు ఇంకా రాలేదు. పోయిన ఏడాది సెప్టెంబర్‌లో వచ్చాయి.

ఫిషరీస్_చదువు | 30 జూలై 2023, మధ్యాహ్నం 1:00

అయితే ఆ రాత్రి చెరువులో ఉన్నవి పోయిన ఏడాది వలకు తప్పించుకున్నవి మాత్రమే. మీ గుత్త ధర కిలో డెబ్బై. రెండు లక్షలు అంటే దాదాపు 2,850 కిలోలు. అంటే పట్టినదానిలో మూడో వంతు మిగిలిపోయింది, మిగిలిందంతా ఒక్క రాత్రిలో, ఒక్క మత్తడి నుంచి పోయింది అని వాళ్లు చెప్తున్నట్టు. నిజంగా అంత మిగిలి ఉంటే ముందు పట్టుడు సరిగా చేయనందుకు అందరూ జరిమానా కట్టాలి. పైగా కొర్రమట్టలు ఎక్కువగా గడ్డిలోనే ఉంటాయి. ఎదురెక్కే అలవాటున్న రవ్వలు కొన్ని చెరువులోకి నీళ్లు వచ్చే వాగు వైపు కూడా పోతాయి. పోయి ఉంటాయి, కాదనను. రెండు లక్షలు మాత్రం కాదు.

ఇంకోటి, కట్ట తెగి ఉంటే ఒక్క చేప మిగిలేది కాదు. చెరువే ఉండేది కాదు. పిల్ల చేపలు ఎక్కడ పోసేవారు?

కొత్త_సభ్యుడు_77 | 30 జూలై 2023, మధ్యాహ్నం 3:30

లెక్కలు సరే. నియమం ప్రకారం అధ్యక్షుడికి చెప్పకుండా సంఘం ఆస్తి కోయొచ్చా? రేపు ఇంకొకడు వేరే సాకు చెప్పి కోస్తాడు.

నర్సంపేట_నవీన్ | 30 జూలై 2023, మధ్యాహ్నం 3:45

ఫోన్ కలవలేదని రాసింది కదా అన్నా. ఈత కొట్టుకుంటూ పోయి సంతకం తీసుకోవాల్నా?

కట్టమీది_కాక | 30 జూలై 2023, రాత్రి 9:55

పొద్దుటి నుంచి చదువుతున్నాను, ఏం రాయాలో తెలియక ఆగాను.

నేను అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఒక ఆగస్టులో మా చెరువు కట్ట తెగింది. నలభై ఎకరాల్లో ఇసుక మేట వేసింది. రెండు బర్లు, ఏడు మేకలు పోయాయి. దేవుడి దయ, మనుషులు పోలేదు. ఎలుకలు బొక్కలు చేసి కట్ట తెగిందని అప్పుడు అందరికీ చెప్పాను. కాగితం మీద కూడా అదే రాయించాను.

ఎలుకలు కాదు. జాలి. ఆ రాత్రి కట్ట మీద నేనే ఉన్నాను. నాతో ఇంకో ముగ్గురు మగవాళ్లు. కొడవలి చేతిలోనే ఉంది. ఆ ఏడాది అప్పు తెచ్చి పిల్ల చేపలు పోసుకున్నాం. కోస్తే సంఘం నన్ను బతకనివ్వదు అనుకున్నాను. ఇంకో గంట చూద్దామని నేనే అన్నాను. ఆ గంటలోనే పోయింది.

ఇసుక ఎత్తడానికి ఆ రైతులకు మూడేళ్లు పట్టింది. వాళ్లలో ఒకరు మా వియ్యంకుడు.

బిడ్డా, నీ సమావేశం ఎప్పుడో చెప్పు. మీ సంఘంలో నాకు తెలిసినవాళ్లు ఇద్దరున్నారు. ఇది వాళ్లకు కూడా చెప్తాను.

వల_అల్లిక | 31 జూలై 2023, ఉదయం 5:40

ఇన్నేండ్లు ఎట్ల మోసినవు అన్నా.

గంగిరేగు | 31 జూలై 2023, రాత్రి 8:30

కాకా, ఏం రాయాలో నాకూ తెలియడం లేదు. సమావేశం ఆగస్టు 13న.

గంగిరేగు | 14 ఆగస్టు 2023, ఉదయం 7:10

నిన్నటి సంగతి. తూకం చీటీలు పెట్టాను, లెక్క చదివాను. చేప సంగతి అక్కడితో చల్లబడింది. జాలి వల ఖరీదు మాత్రం నా మీద వేయాలని పట్టుబట్టారు. అప్పుడు పెద్దయ్య లేచాడు. ఆయన సంఘంలో మాట్లాడడం నేను ఎప్పుడూ చూడలేదు. "నేను ఇంకో గంట చూద్దామన్న. ఈ పిల్ల నా మాట వినలేదు. విని ఉంటే నా ఇల్లు కూడా ఇయ్యాల కట్ట మట్టి కిందనే ఉంటుండె" అని కూర్చున్నాడు. కాక చెప్పినవాళ్లు ఒక్క మాట మాట్లాడలేదు, కానీ జరిమానాకు చేతులెత్తమన్నప్పుడు ఎత్తలేదు. అది చాలు. ఆరు చేతులే లేచాయి.

మెచ్చుకోలు ఏం లేదు. జాలి మళ్లీ కట్టాలని మాత్రం అందరూ అన్నారు. నేను కడతానన్నాను, నా పద్ధతిలో.

ములుగు_మాస్టారు | 14 ఆగస్టు 2023, ఉదయం 9:30

మళ్లీ జాలీయా? నాకు నచ్చలేదు. నీ పద్ధతి ఏమిటో చెప్పమ్మా.

గంగిరేగు | 14 ఆగస్టు 2023, రాత్రి 9:20

సార్, వాగులోకి పోయే చేప మాకు కూడు. జాలి వద్దంటే ఎవరూ వినరు, రాత్రి దొంగతనంగా కడతారు. అందుకే ఇలా అనుకున్నాం. కన్ను పెద్దదిగా ఉన్న వల, చెత్త ఆగకుండా. కర్రలు పాతకుండా, నాలుగు విడి చట్రాలు. ఒక్కో చట్రం పైన రెండు జారుముళ్లు, కట్ట మీది నుంచి తాడు లాగితే ఊడి వచ్చేటట్టు. మత్తడి రాతి మీద ఎర్రరంగు గీత. నీళ్లు అక్కడికి వస్తే కాపలాకు ఉన్నవాళ్లు ఎవరినీ అడగనక్కర్లేదు, లాగేయడమే. ఇది తీర్మానంలో రాయించాను. ముడులు నాన్న వేశాడు. కుర్చీలో కూర్చొనే.

ములుగు_మాస్టారు | 14 ఆగస్టు 2023, రాత్రి 9:50

ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. కానీ ఎర్ర గీత బాగుంది.

గంగిరేగు | 9 మే 2024, రాత్రి 8:40

చాలా రోజులైంది. పట్టుడు మొదలైంది. ఈసారి గుంజుడు వల మధ్యలో నిలబడ్డాను, భుజాలు పోయాయి. పాలు పూర్తిగా ఇచ్చారు. కాపలా ఇప్పుడు అందరికీ వారానికి ఒక రాత్రే, నాకు కూడా. జరిమానాకు చేయెత్తిన ఆరుగురిలో ఒకాయన ఇంకా నాతో మాట్లాడడు. ఆయన పక్కనే తాడు పట్టుకున్నాను. పొద్దంతా మౌనంగా లాగాం, తాడు మాత్రం సమంగానే వచ్చింది.

కాకా, ఎక్కడున్నారు? కనపడడం లేదు.

కట్టమీది_కాక | 10 మే 2024, ఉదయం 6:00

ఉన్నాను. మా మత్తడి కొలతలు తీస్తున్నాను. నీ చట్రం ఎన్ని అడుగులో రాయి.

గంగిరేగు | 10 మే 2024, ఉదయం 6:20

ఆరు అడుగుల పొడవు, మూడున్నర ఎత్తు. ఇనుపది చేయించకండి, తడిస్తే ఇద్దరు కూడా లేపలేరు. వెదురే మేలు. ముడి ఫోటో సాయంత్రం పెడతాను.

మెట్‌పల్లి_లత | 10 మే 2024, రాత్రి 10:30

అక్కా, మొదటిసారి రాస్తున్నాను. మా ఊళ్లో కూడా పరీక్ష పెడతారట. వల ఎన్ని కిలోలది తీసుకోవాలి?

గంగిరేగు | 10 మే 2024, రాత్రి 10:35

మూడున్నర. ఈ చర్చలో పైన వల_అల్లిక అత్తమ్మ రాసింది ముందు చదువు, తిరగలి మాట. ఈత వచ్చా? రాకపోతే వల సంగతి తర్వాత, ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టకుండా నాకు విడిగా మెసేజ్ చెయ్యి.